స్కోరుబోర్డు మీద రెండో పేరు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే పేచీ. ఎవరు గొప్ప, ఎవరి పతకం బరువు ఎంత, తెర మీద కనబడనివాళ్ళకి లెక్కలో చోటుందా లేదా. అన్నిటికీ జవాబు రాయడానికి పేజీ చాలదు, అందుకని కొన్నే తీసుకున్నాను. కొన్నిటికి ఎక్కువ రాశాను, కొన్నిటికి తక్కువ, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: సాత్విక్ మా ఊరి కుర్రాడని మేం చెప్పుకుంటుంటే మా బావ ఒప్పుకోడండి. "డబుల్స్ అంటే సగం ఆటే కదా, ఇంకొకడు పక్కనుంటే ఎవడైనా గెలుస్తాడు" అంటాడు. మీరే ఏదో ఒకటి తేల్చండి.
– ఒక కిరాణా వ్యాపారి, అమలాపురం

మీ బావగారిని తీసుకెళ్ళి ఒక్క పూట బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టు పక్కన కూర్చోబెట్టండి. సింగిల్స్ కోర్టు వెడల్పు 5.18 మీటర్లు, డబుల్స్‌కి 6.10. ఇద్దరున్నారు కాబట్టి పని సగమైపోతుందనుకుంటాం గానీ, అవతల కూడా ఇద్దరున్నారు, కొట్టిన షటిల్ కొట్టినంత వేగంగా తిరిగొస్తుంది. సింగిల్స్‌లో ఒక అడుగు వెనక్కి వేసి ఊపిరి తీసుకునే వ్యవధి ఉంటుంది, డబుల్స్‌లో ఆ ఊపిరి దొరకదు. పైగా మనం ఎటు జరిగితే పక్కవాడు ఎటు జరగాలో మాట లేకుండానే తెలిసిపోవాలి. సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టి మొదట్లో ఇద్దరూ వెనకనుంచి బాదే రకమే, ముందు నెట్ దగ్గర నిలబడే అలవాటు ఇద్దరికీ అంతగా లేదు. మలేసియా నుంచి వచ్చిన మన కోచ్ టాన్ కిమ్ హర్ వాళ్ళని జత కలిపినప్పుడు ఒకడిది అమలాపురం, ఒకడిది ముంబై, భాష వేరు, స్వభావం వేరు. అక్కణ్ణుంచి 2023 అక్టోబర్‌లో ప్రపంచ నంబర్ వన్ దాకా వచ్చారంటే ఒక్కడి భుజబలంతో అయ్యే పని కాదది.

జనం ఎక్కువ చెప్పుకునేది గంటకి 565 కిలోమీటర్ల స్మాష్ గురించి. గిన్నిస్ రికార్డే, కాదనను. అయితే అది మ్యాచ్‌లో కొట్టింది కాదు, జపాన్‌లో ఒక హాల్లో కొలతల కోసం కొట్టి చూపించింది. నన్నడిగితే 2023 జూన్‌లో ఇండోనేషియా ఓపెన్ ఫైనల్ దానికంటే చాలా పెద్దది. అవతల ఉన్నది మలేసియా జంట ఆరన్ చియా, సో వూయి యిక్. అంతకుముందు వాళ్ళతో ఎనిమిది సార్లు ఆడితే ఎనిమిది సార్లూ మనవాళ్ళు ఓడిపోయారు. ఎనిమిది సార్లు ఓడించినవాణ్ణి ఫైనల్లో చూస్తే చెయ్యి ఎంత బిగుసుకుపోతుందో ఆట ఆడినవాళ్ళెవర్నైనా అడగండి. అయినా 21-17, 21-18తో గెలిచారు. దానికి రెండు నెలల ముందు దుబాయ్‌లో ఆసియా చాంపియన్‌షిప్ గెలిచారు, అదీ మొదటి గేమ్ పోగొట్టుకుని. 1965లో దినేశ్ ఖన్నా తర్వాత ఆ టోర్నీలో మనకి బంగారం అదే, అంటే 58 ఏళ్ళ తర్వాత. అదే ఏడాది హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో బంగారం, ఆపైన ఖేల్‌రత్న.

ఇంకోటి కూడా మీ బావగారికి చెప్పండి. టోక్యో ఒలింపిక్స్‌లో వీళ్ళిద్దరూ గ్రూపులో మూడింట రెండు గెలిచారు. గెలిచిన రెండిట్లో ఒకటి తైవాన్‌కి చెందిన లీ యాంగ్, వాంగ్ చి-లిన్ జంట మీద, మూడో గేమ్ 27-25 దాకా వెళ్ళింది. మూడు జంటలకి సమానంగా రెండేసి గెలుపులు రావడంతో గేముల లెక్కలో మనవాళ్ళు ఇంటికొచ్చేశారు. వీళ్ళ చేతిలో ఓడిన ఆ లీ, వాంగ్‌లే చివరికి బంగారం పట్టుకెళ్ళారు. పారిస్‌లో క్వార్టర్ ఫైనల్లో మళ్ళీ చియా, సో జంటే ఎదురైంది. మొదటి గేమ్ 21-13తో గెలిచి కూడా ఓడిపోయారు. ఆ సాయంత్రం అమలాపురంలో టీవీల ముందు ఎలా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒలింపిక్ పతకం లేదు కాబట్టి ఏదో తక్కువైందనేవాళ్ళు ఆ టోక్యో గ్రూపు పట్టిక ఒకసారి తీసి చూడాలి.

ఈ జతల విషయంలో నాకు కొంచెం పట్టుదల ఎక్కువ, కారణం చెబుతాను. చాలా ఏళ్ళ కిందట, నేను పత్రికలో కొత్తగా వార్తలు రాసే రోజుల్లో, మన డెల్టాలో బాల్ బ్యాడ్మింటన్ అంటే ఊరంతా కదిలొచ్చేది. పసుపు రంగు ఉన్ని బంతి, ఒక్కో వైపు ఐదుగురు, ఆరుబయట కోర్టు, గాలి లేచిందంటే బంతి దారి తప్పుతుంది కాబట్టి పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఆట. ఒక టోర్నీ ఫైనల్ మీద వార్త రాశాను. వెనకనుంచి కొట్టినవాడి పేరు మూడు సార్లు రాసి, ముందు నిలబడి పాయింటు తర్వాత పాయింటు బంతిని కిందకి తోసినవాడి పేరు ఒక్కసారీ రాయలేదు. మర్నాడు ఆ అబ్బాయి సైకిల్ మీద వచ్చాడు. ఏమీ అడగలేదు, కోపం కూడా లేదు. రెండు పేపర్లు కొనుక్కుని, అక్కడే విప్పి వార్త మొత్తం చదివి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ మడతలు పెట్టడం నాకు ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. అందుకే సాత్విక్ పేరు రాసిన చోటల్లా చిరాగ్ పేరు కూడా రాస్తాను.

ప్రశ్న: కిడాంబి శ్రీకాంత్ పుట్టింది మా రావులపాలెంలోనే కదా. అందరూ గుంటూరు గుంటూరు అంటారేంటి?
– ఇద్దరు ఇంటర్ విద్యార్థులు, రావులపాలెం

పుట్టింది మీ ఊళ్ళోనే, కుటుంబం ఉండేది గుంటూరులో, ఆట నేర్చింది చాలావరకు హైదరాబాద్‌లో గోపీచంద్ దగ్గర. మూడు ఊళ్ళవాళ్ళూ చెప్పుకోండి, తప్పేం లేదు. కానీ మీరు చెప్పుకోవాల్సింది ఒకటుంది. 2022 మే 15, బ్యాంకాక్, థామస్ కప్ ఫైనల్. పురుషుల బ్యాడ్మింటన్‌లో దేశాల మధ్య జరిగే పోటీల్లో దీన్ని మించింది లేదు. అవతల 14 సార్లు గెలిచిన ఇండోనేషియా, ఇవతల అంతకుముందు ఒక్కసారి కూడా ఫైనల్ చూడని మనం. మొదటి మ్యాచ్ లక్ష్య సేన్ గెలిచాడు. రెండోది సాత్విక్, చిరాగ్. మూడోది శ్రీకాంత్, జొనాథన్ క్రిస్టీ మీద 21-15, 23-21. అంతే, 3-0. అంటే దేశం మొదటిసారి థామస్ కప్ ఎత్తిన రోజు వరసగా రెండో, మూడో మ్యాచ్‌లు ముగించినవాళ్ళలో ఒకరు అమలాపురంలో, ఒకరు రావులపాలెంలో పుట్టినవాళ్ళు. మధ్యలో కొబ్బరి తోటలు, కాలవలు, బస్సులో వెళ్తే గంట.

శ్రీకాంత్ సొంత లెక్క కూడా చిన్నదేం కాదు. 2014లో చైనా ఓపెన్ ఫైనల్లో చైనా ఒలింపిక్ చాంపియన్ లిన్ డాన్‌ని వాళ్ళ దేశంలోనే ఓడించాడు. 2017లో ఒకే ఏడాదిలో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్ళు, 2018 ఏప్రిల్‌లో నంబర్ వన్, 2021లో ప్రపంచ చాంపియన్‌షిప్ వెండి. ఆ తర్వాత ఫామ్ పోయిందని ఎన్ని మాటలన్నారో మీకూ తెలుసు. బ్యాంకాక్‌లో మాత్రం ఆ వారమంతా ఆడిన ప్రతి మ్యాచ్ గెలిచాడు.

ప్రశ్న: హనుమ విహారి సిడ్నీలో 161 బంతులాడి 23 పరుగులు చేశాడు. దాన్ని గొప్ప ఇన్నింగ్స్ అంటే మా హాస్టల్లో నవ్వుతున్నారు. టీ20 చూసేవాళ్ళకి ఇది ఎలా చెప్పాలి?
– ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

నవ్వనివ్వండి, కానీ ఆ రోజు ముందు ఏం జరిగిందో చెప్పి తర్వాత నవ్వమనండి. 2021 జనవరి 11, టెస్టు ఐదో రోజు. గెలవాలంటే 407. పంత్ 97 కొట్టి అవుటయ్యాడు, పుజారా 77 దగ్గర వెళ్ళాడు. ఐదు వికెట్లకి 272, ఇంకా నలభై పైచిలుకు ఓవర్లున్నాయి. జడేజా బొటనవేలు విరిగి ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నాడు. ఇక్కడ విహారికి పరుగు తీస్తూ తొడ వెనక కండరం పట్టేసింది. ఒక పరుగు తియ్యాలన్నా కాలు లాగుతుంది. అవతల అశ్విన్‌కి నడుం నొప్పి. పరుగెత్తలేనివాడు ఒకడు, వంగలేనివాడు ఒకడు. వీళ్ళిద్దరూ ఆస్ట్రేలియా బౌలర్లకి, అందులో కమిన్స్, హేజిల్‌వుడ్, స్టార్క్, లయన్ ఉన్నారు, ఆట ముగిసేదాకా ఒక్క వికెట్ ఇవ్వలేదు. చివరికి 5 వికెట్లకి 334, డ్రా.

ఆ ఇన్నింగ్స్‌లో నేను చూసినది ఏమిటంటే, కాలు ముందుకు పెట్టలేడు కాబట్టి క్రీజులోనే ఉండి బంతిని శరీరం కిందకి వచ్చేదాకా రానిచ్చి, మెత్తటి చేతులతో కాళ్ళ దగ్గర చంపేశాడు. ఒకటి రెండు కాదు, అలా ఓవర్ల తరబడి. ఆ టెస్టు పోయుంటే సిరీస్ 1-2 అయ్యేది. పోలేదు కాబట్టే వారం తర్వాత బ్రిస్బేన్‌లో గెలిచి 2-1తో సిరీస్ పట్టుకొచ్చాం. ఆ బ్రిస్బేన్ టెస్టు ఆడే అదృష్టం విహారికి లేదు, కాలు ఒప్పుకోలేదు.

ఇంకా నమ్మకపోతే 2023 రంజీ క్వార్టర్ ఫైనల్ చెప్పండి, ఇండోర్, మధ్యప్రదేశ్ మీద. ఆవేశ్ ఖాన్ బంతి తగిలి ఎడమ మణికట్టు దగ్గర ఎముక విరిగింది. కుడిచేతి బ్యాట్స్‌మన్ నిలబడితే ఎడమ చెయ్యే బౌలర్ వైపు ఉంటుంది. అందుకని విరిగిన చేతిని దాచుకోవడానికి ఎడమచేతి వాటంగా తిరిగి నిలబడి, దాదాపు ఒంటి చేత్తో ఆడాడు. రెండో ఇన్నింగ్స్‌లోనూ అలాగే వచ్చి 15 చేశాడు. ఆంధ్ర ఓడిపోయింది. విహారి మొత్తం టెస్టు లెక్క 16 మ్యాచ్‌లు, 839 పరుగులు, కింగ్‌స్టన్‌లో ఒక సెంచరీ. ఈ అంకెలు ఒక్కటే పట్టుకుంటే ఆ రెండు రోజులూ కనబడవు.

ప్రశ్న: నేను హైస్కూల్లో పీఈటీని. పిల్లలు పైకి వెళ్ళాక కోచ్ పేరు ఎవరికీ గుర్తుండదండి. నిజంగా కోచ్ సాధించింది అని చెప్పుకోదగ్గది ఏమైనా ఉంటుందా? మనసులో మాట అడుగుతున్నాను.
– వ్యాయామ ఉపాధ్యాయురాలు, నరసాపురం

ఉంటుందమ్మా. మీరు మనసులో మాట అడిగారు కాబట్టి నేనూ వివరంగా చెబుతాను.

హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక మాస్టారుండేవారు. ఆయన కూడా మీలాగే బడి పంతులే. 1950 నుంచి భారత ఫుట్‌బాల్ జట్టు ఆయన చేతిలో ఉంది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీఫైనల్. ఆసియా నుంచి అక్కడిదాకా వెళ్ళిన మొదటి జట్టు మనదే, నాలుగో స్థానంలో నిలిచాం. 1962 జకార్తాకి వెళ్ళేనాటికి ఆయనకి ఊపిరితిత్తుల క్యాన్సర్. అక్కడ డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి గాయమై కుట్లు పడ్డాయి. ఇంకెవరైనా అయితే అతన్ని పక్కన కూర్చోబెట్టేవారు. రహీం గారు అతన్ని వెనకనుంచి తీసి ముందు వరసలో, గోల్ కొట్టే చోట పెట్టారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం, ఒక గోల్ పి.కె. బెనర్జీది, ఇంకోటి ఆ కుట్ల తలతో ఉన్న జర్నైల్ సింగ్‌ది. స్టేడియం నిండా ఉన్న జనంలో మనవైపు అరిచేవాళ్ళు దాదాపు లేరు. మరుసటి ఏడాది జూన్‌లో రహీం మాస్టారు పోయారు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైందే 1985లో. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకి బంగారం రానేలేదు. ఒక మాస్టారు వెళ్ళిపోతే ఏం పోతుందో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నా దగ్గర లేదు.

పుల్లెల గోపీచంద్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. మోకాలు పాడై ఆపరేషన్లు చేయించుకుని, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచినవాడు. అక్కడితో ఆపి హాయిగా ఉండొచ్చు. అకాడమీ కట్టడానికి ఇల్లు తాకట్టు పెట్టాడు. తెల్లవారుజామున నాలుగింటికే కోర్టులో ఉండే మనిషి. సైనా 2012 ఒలింపిక్ కంచు, సింధు 2016 రియో ఒలింపిక్ వెండి ఆ కోర్టుల్లోంచి వచ్చినవే. రియోకి ముందు సింధు దగ్గర ఫోన్ తీసేసుకుని, ఐస్‌క్రీం మాన్పించి, ఫైనల్ అయ్యాక ఫోన్ చేతికిచ్చాడని అందరూ నవ్వుతూ చెప్పుకున్నారు. నాకైతే అందులో ఒక ఇంటి పెద్ద కనబడ్డాడు.

కోనేరు హంపి వాళ్ళ నాన్నగారు అశోక్ గారు, గుడివాడ, ఉద్యోగం వదిలేసి కూతురికి చదరంగం నేర్పారు. హంపి 2002లో 15 ఏళ్ళకి గ్రాండ్‌మాస్టర్ అయింది. తల్లయ్యాక మళ్ళీ వచ్చి 2019లో, 2024లో రెండుసార్లు ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్.

మీకు ఒక పని చెబుతాను, చెయ్యండి. ఒక పొడుగు నోట్‌బుక్ కొని, మీ చేతికొచ్చిన ప్రతి పిల్ల పేరు, వచ్చిన రోజు పరుగు టైము, దూకిన దూరం, ఏడాది తర్వాత అదే అంకె రాయండి. జిల్లా సెలక్షన్లకి వెళ్ళినవాళ్ళవే కాదు, పదో తరగతి తర్వాత ఆట మానేసిన పిల్లలవి కూడా. రేపు ఎవరైనా మీరేం సాధించారని అడిగితే ఆ పుస్తకం తీసి బల్ల మీద పెట్టండి.

ప్రశ్న: మల్లీశ్వరికి సిడ్నీలో బంగారం చేతిదాకా వచ్చి పోయిందంటారు, నిజమేనా?
– ఒక గృహిణి, రామచంద్రపురం

నిజమే. 2000 సెప్టెంబర్ 19, వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగం. స్నాచ్‌లో, అంటే ఒక్క ఊపులో తలపైకి ఎత్తే దాంట్లో, 110 కిలోలు, రెండు అంచెల్లో ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240. పైన ఉన్న ఇద్దరివీ 242.5. చివరి ప్రయత్నానికి 137.5 పెట్టించారు, ఎత్తితే తిరుగులేని బంగారం. ఎత్తలేకపోయింది. కాస్త తక్కువ పెట్టించి ఉంటే అని అప్పట్నుంచీ జనం అంటూనే ఉన్నారు. నేను మాత్రం ఆ 137.5 అడిగిన ధైర్యాన్నే తల్చుకుంటాను. శ్రీకాకుళం జిల్లా పల్లెలో నీలంశెట్టి అప్పన్న మాస్టారి దగ్గర బరువులు పట్టిన పిల్ల, 1994లో, 1995లో ప్రపంచ చాంపియన్, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. ఇందులో పోయిందనుకోవడానికి ఏముందండి?

ప్రశ్న: నాకు కామెంటరీ అంటే పిచ్చి. సంక్రాంతి కబడ్డీ పోటీల్లో మైకు నాదే. కానీ దేశానికి ఆడనివాళ్ళకి కామెంటేటర్‌గా చోటుంటుందా? అది కూడా ఒక కెరీరేనా?
– డిగ్రీ చదువుతున్న కుర్రాడు, పాలకొల్లు

కెరీరే బాబూ. హర్షా భోగ్లే మన హైదరాబాద్‌లో పుట్టాడు, ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగ్, తర్వాత అహ్మదాబాద్ ఐఐఎం. 19 ఏళ్ళకే ఆకాశవాణిలో మైకు పట్టాడు. ఇండియాకి ఒక్క మ్యాచ్ ఆడలేదు. 1991-92లో ఆస్ట్రేలియా రేడియోవాళ్ళే పిలిపించుకున్నారు. హిందీలో జస్‌దేవ్ సింగ్ ఉండేవారు, 1975 హాకీ ప్రపంచ కప్ ఫైనల్, పాకిస్తాన్ మీద 2-1, దేశంలో చాలామంది ఆయన గొంతులోనే చూశారు. చూశారనే అంటాను, విన్నారని కాదు. పద్మభూషణ్ వరకూ వెళ్ళారాయన. మన తెలుగులో ఇప్పుడు ఆడినవాళ్ళు ఎక్కువ కనబడుతున్నారు. వెంకటపతి రాజు 28 టెస్టుల్లో 93 వికెట్లు తీసిన మనిషి, స్పిన్ గురించి చెబుతుంటే బంతి వేళ్ళ మధ్య ఎలా తిరుగుతుందో తెలిసినవాడి మాట అది. నువ్వు ఆయనతో ఆ విషయంలో పోటీ పడలేవు. నీకు కావల్సింది వేరే.

మీ ఊరి కబడ్డీ మైకే తీసుకుందాం. రాత్రి పదకొండు, ఫ్లడ్‌లైట్లు, చుట్టూ జనం, వెనక వరసలో ఉన్నవాళ్ళకి తలలు తప్ప ఏమీ కనబడవు. నువ్వు "అద్భుతం, అమోఘం" అని అరిస్తే వాళ్ళకేం తెలుస్తుంది? కూతకి ఎవరెళ్ళారు, అవతల ఎంతమంది మిగిలారు, బోనస్ గీత దాటాడా లేదా, కాలు పట్టారా నడుం పట్టారా, తిరిగి గీత ముట్టాడా. ఇది చెప్పు. స్కోరు పదే పదే చెప్పు, అప్పుడే వచ్చి నిలబడినవాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు. పట్టిన ఐదుగురిలో మొదట చీలమండ అందుకున్నవాడి పేరు చెప్పు, చివర్లో పైన పడ్డవాడి పేరు ఒక్కటే చెప్పకు. ఇంట్లో టీవీ సౌండ్ తీసేసి ఐదు ఓవర్లు నువ్వే చెప్పి ఫోన్లో రికార్డ్ చేసుకో. మర్నాడు కళ్ళు మూసుకుని విను. మ్యాచ్ కనబడుతోందా లేదా చూసుకో. కనబడని చోట ఏ మాట తక్కువైందో రాసుకో. చప్పట్లు మోగుతున్నప్పుడు నోరు మూసుకోవడం కూడా నేర్చుకోవాలి, అది అన్నిటికంటే కష్టం.

ప్రశ్న: నేను ఎనిమిదో తరగతి. డబుల్స్‌లో ముందు ఆడతాను. సర్వీస్ ఎత్తుగా వెళ్ళిపోయి ప్రతిసారీ దెబ్బ తింటున్నాం. మా జోడీ అక్క ఏమీ అనదు గానీ నాకే ఏడుపొస్తుంది.
– ఒక బ్యాడ్మింటన్ క్రీడాకారిణి, రాజోలు

ఏడవకు తల్లీ, దీనికి మందుంది. సర్వీస్ చేసేటప్పుడు షటిల్ మొత్తం నేలనుంచి 1.15 మీటర్ల లోపే ఉండాలని రూల్. నెట్ మధ్యలో ఎత్తు 1.524 మీటర్లు. అంటే కింద నుంచి పైకి తీసుకెళ్ళక తప్పదు, కానీ నెట్ దాటగానే కిందకి దిగాలి. మీ నాన్నగార్ని అడిగి సన్నటి కొబ్బరి తాడు ఒకటి తీసుకుని, నెట్ పై అంచుకి ఒక జానెడు ఎత్తున, ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి కర్రల సాయంతో లాగి కట్టండి. ఆ తాడుకీ నెట్‌కీ మధ్యలోంచి రోజుకి వంద సర్వీసులు. తాడు తగిలితే లెక్కలోంచి తీసెయ్. మొదటి వారం వందకి ముప్పై వెళ్తాయేమో, పరవాలేదు. బొటనవేలు రాకెట్ పిడి వెడల్పు వైపు ఆనించి, ముంజేతిని కదపకుండా వేళ్ళతో తోసి చూడు. అక్కని అవతల నిలబెట్టి, వచ్చిన ప్రతి షటిల్ ఎక్కడ పడిందో సుద్దముక్కతో గీయమను.

ఆ గీతల ఫోటో తీసి నెల తర్వాత నాకు పంపు. ఇద్దరి పేర్లూ రాయి.